ఓడిన్, థార్ భక్తులకీ తెల్లజాతి అహంకారానికీ సంబంధం ఏమిటి?

శేషు_మిన్నెసోటా

అందరికీ నమస్కారం. ఒక సందేహం, కాస్త ఓపిగ్గా చదవండి.

మా రాష్ట్రంలో పడమటి వైపు మర్డాక్ అనే చిన్న ఊరుంది. జనం సుమారు మూడొందల మంది. అక్కడ మూతబడ్డ లూథరన్ చర్చిని 2020లో ఆసాత్రూ ఫోక్ అసెంబ్లీ అనే సంస్థ కొనుక్కుంది. ఓడిన్, థార్ లాంటి పాత స్కాండినేవియా దేవుళ్ళను కొలుస్తారు, ఆ మతం పేరే ఆసాత్రూ. ఐరోపా మూలాలున్న తెల్లవాళ్ళకే ప్రవేశం. ద్వేష సంఘాల మీద కన్నేసి ఉంచే సదరన్ పావర్టీ లా సెంటర్ దీన్ని ద్వేష సంఘాల జాబితాలో పెట్టింది. వాళ్ళు మాత్రం తమది ద్వేషం కాదు, పూర్వీకుల భక్తి అంటారు. ఆ స్థలం నివాస ప్రాంతంలో ఉండటంతో ఊరి కౌన్సిల్ అనుమతి కావాల్సొచ్చింది. ఊళ్ళో పెద్ద గొడవే అయింది. చివరికి డిసెంబరులో అనుమతి ఇచ్చేశారు. మతస్వేచ్ఛ చట్టం కింద కేసు వేస్తే ఇంత చిన్న ఊరు ఎక్కడ తట్టుకుంటుందని భయం.

ఇది నిజంగా మతమా, లేక మతం ముసుగేసుకున్న జాతి సంఘమా? వెయ్యేళ్ళ కిందట పోయిన దేవుళ్ళకీ ఈనాటి నాజీలకీ ముడి ఎక్కడ పడింది?

పాతపుస్తకాలపిచ్చి

శేషు గారూ, రెండూ అనే చెప్పాలి. అయితే ఏది ముందొచ్చిందో చూస్తే విషయం తేటపడుతుంది.

ఐస్‌లాండ్ వాళ్ళు సుమారు 1000వ సంవత్సరంలో తమ సభలో కూర్చుని క్రైస్తవం స్వీకరించారు. ఓడిన్, థార్ కథలని మనం చెప్పుకునేవాటిలో చాలా భాగం ఆ తర్వాత రెండొందల ఏళ్ళకి, 13వ శతాబ్దంలో, స్నోరి స్టుర్లుసన్ లాంటి క్రైస్తవులు రాసిపెట్టినవే. పూజ ఎలా చేసేవారు, ఏం చదివేవారు అన్న పరంపర మధ్యలోనే తెగిపోయింది. ఇవాళ కనిపించే ఓడిన్ మతమంతా, మంచివాళ్ళదైనా చెడ్డవాళ్ళదైనా, కొత్తగా కట్టుకున్నదే. అందులో తప్పేమీ లేదు. కానీ 'వెయ్యేళ్ళుగా మా రక్తంలో పారుతోంది' అంటే మాత్రం నవ్వొస్తుంది.

ఆ రక్తం గోల ఎక్కువగా పెరిగింది వియన్నాలో. గీడో ఫాన్ లిస్ట్ అని ఒక రచయిత. పేరులో ఆ 'ఫాన్' అనే జమీందారీ తోక తనకు తానే తగిలించుకున్నాడు. 1902లో కంటి ఆపరేషన్ అయ్యాక పదకొండు నెలలు చూపు లేకుండా ఉండి, ఆ చీకట్లోనే రూన్ అక్షరాల (ఉత్తర ఐరోపా పాత లిపి) రహస్యం తెలిసిందన్నాడు. శాసనాలు చూస్తే పాత రూన్ వరుసలో 24 అక్షరాలు, వైకింగుల కాలం వరుసలో 16. ఈయన 18 అన్నాడు. ఒక పాత కవితలో ఓడిన్ 18 మంత్రాలు చెప్పాడట, అందుకని అక్షరాలూ 18 అట! ఇదే ఊపులో లాంజ్ ఫాన్ లీబెన్‌ఫెల్స్ అనే ఇంకొకాయన 1905 నుంచి ఓస్టారా అనే పత్రిక నడిపాడు. ఆర్యజాతి దైవాంశ, మిగతా జాతులు పశుప్రాయం అన్నది ఆ పత్రిక సారాంశం.

అంటే జాతి పిచ్చి ముందు పుట్టింది, తర్వాత దానికి ఒక దేవుణ్ణి వెతుక్కున్నారు.

గోదారిగట్టు

హిట్లర్ కూడా ఓడిన్ భక్తుడేనా అయితే? యూట్యూబ్ నిండా అవే వీడియోలు.

పాతపుస్తకాలపిచ్చి

కాదు. ఆ పిచ్చి ఎస్ఎస్ అనే నాజీ దళానికి అధిపతి హిమ్లర్‌ది. హిట్లర్ అయితే 1938 న్యూరెంబర్గ్ సభలో తమది పూజలూ తంతుల ఉద్యమం కాదని చెప్పాడు. ఆ కాలంలో చిన్నచిన్న పేగన్ (క్రైస్తవానికి ముందటి దేవుళ్ళను కొలిచే) సంఘాలను చాలావాటిని నాజీలే మూయించారు కూడా.

హిమ్లర్ మాత్రం వేవెల్స్‌బర్గ్ అనే కోటను ఎస్ఎస్ దళానికి పీఠంలా మార్చాలనుకున్నాడు. ఉత్తర బురుజులో ఒక హాలు, దాని నేల మధ్యలో ముదురు ఆకుపచ్చ రాతితో పన్నెండు ఆకుల చక్రం పొదిగారు. ఆకులు ఒక్కొక్కటీ చివర్లో వంగి పిడుగులా ఉంటాయి. ఇప్పుడు 'నల్ల సూర్యుడు' అంటున్నది దాన్నే. నాజీల కాలంలో దానికి ఆ పేరున్నట్టు ఆధారం లేదు, 1990ల్లో అంటించిన పేరది. ఆ కోట పనుల కోసం పక్కనే క్యాంపు పెట్టి ఖైదీలను తెచ్చారు. వాళ్ళలో కనీసం 1,285 మంది చచ్చిపోయారు. యూట్యూబ్ వీడియోల్లో ఈ అంకె మాత్రం కనబడదు.

2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడి ప్రకటన మీద ఉన్నదీ ఆ చక్రమే. 2022లో అమెరికాలోని బఫెలో ఊళ్ళో సూపర్‌మార్కెట్‌లో పదిమంది నల్లవాళ్ళను చంపినవాడు వాడుకున్నదీ అదే.

ఓరుగల్లు_నర్సు

నేను అమెరికాలో ఒక జైలు ఆసుపత్రి విభాగంలో నర్సును. ఏ రాష్ట్రమో చెప్పను. ఈ మతం పుస్తకాలకన్నా జైళ్ళల్లనే ఎక్కువ కనబడుతది, అందుకే రాస్తున్న.

మా దగ్గర ఓడిన్ వాళ్ళకు వారానికి ఒక గంట ప్రార్థన గది ఇస్తరు. కొమ్ములో తేనె మద్యం పోసి అందరూ వరుసగా తాగుతూ దేవుళ్ళ పేర్లు, పూర్వీకుల పేర్లు చెప్పుకోవడం వాళ్ళ పద్ధతి. జైల్లో కొమ్ము ఇయ్యరు, మద్యం అసలే ఇయ్యరు. ప్లాస్టిక్ గ్లాసుల ఆపిల్ జ్యూస్. రూన్లు అట్టముక్కల మీద పెన్నుతో గీసుకుంటరు. మెడల వేసుకునే థార్ సుత్తి బిళ్ళకు కూడా కొలత ఉంటది, అంతకన్నా పెద్దది ఉండొద్దు.

2005లో సుప్రీంకోర్టు కటర్ వర్సెస్ విల్కిన్సన్ కేసులో ఒకే మాటగా తీర్పిచ్చింది. ఒహాయో జైళ్ళ ఖైదీలు వేసిన కేసు. వాళ్ళల్ల ఆసాత్రూ వాళ్ళున్నరు, విక్కా అనే మంత్రతంత్రాల కొత్త మతం వాళ్ళున్నరు, సైతాను మతపోడు కూడా ఉన్నడు. ఖైదీల మతాచారాలకు రక్షణ ఇచ్చే చట్టం చెల్లుతుందని కోర్టు చెప్పింది. అప్పటినుంచి అధికారులు ఊరికే కాదనలేరు.

ఇక ఎవరొస్తరు అంటే అన్ని రకాలు. చదువుకునేటోళ్ళున్నరు. తెల్లోళ్ళ గ్యాంగులకు కలిసి కూర్చోవడానికి పర్మిషన్ ఉన్న గంట ఇదొక్కటే అని వచ్చేటోళ్ళు మస్తున్నరు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు వీపుల మీద, ఛాతీల మీద చూస్తుంట కదా, ఒకే ఒంటి మీద సుత్తి, పక్కన 14, ఇంకో పక్కన 88.

కృష్ణాతీరం

ఆ 14 వెనకాల కథ చెప్తాను. డేవిడ్ లేన్ అనే అతను ది ఆర్డర్ అనే ముఠా సభ్యుడు. డెన్వర్‌లో అలన్ బెర్గ్ అనే యూదు రేడియో వ్యాఖ్యాతను 1984 జూన్‌లో ఇంటి ముందే కాల్చి చంపారు. ఆ రోజు కారు నడిపింది లేన్. మొత్తం మీద 190 ఏళ్ళ శిక్ష పడింది. జైల్లో కూర్చుని తెల్లజాతి పిల్లల భవిష్యత్తు అంటూ పద్నాలుగు పదాల నినాదం తయారుచేశాడు. ఆ 14 అదే. 88 అంటే హిట్లర్‌కి జేజేలు కొట్టే సంకేతం.

1990ల మధ్యలో లేన్, అతని భార్య, రాన్ మెక్‌వాన్ అనే చిత్రకారుడు కలిసి ఐడహోలోని సెయింట్ మేరీస్ నుంచి వోటన్స్‌ఫోక్ అనే ప్రచారం మొదలుపెట్టారు. వోటన్ అంటే జర్మన్ల ఓడిన్. వాళ్ళ గురి ముఖ్యంగా జైళ్ళ మీదే. కరపత్రాలు, పుస్తకాలు పోస్టులో పంపేవాళ్ళు. లేన్ 2007లో జైల్లోనే పోయాడు.

అంతకుముందే ఆ దారి వేసింది ఎల్సె క్రిస్టెన్‌సెన్ అనే డేనిష్ ఆవిడ. 1969లో ఓడినిస్ట్ ఫెలోషిప్ పెట్టి, ఫ్లోరిడా నుంచి పత్రిక నడుపుతూ ఖైదీలకు ఉత్తరాలు రాసేది. జాతి రాజకీయాలను మతం పేరుతో చెబితే ఎవరూ అడ్డుకోలేరని ఆవిడకి ముందే అర్థమైంది. చివరికి ముసలితనంలో డ్రగ్స్ రవాణా కేసులో తనే జైలుకెళ్ళింది, అది వేరే కథ.

గోదారిగట్టు

సరే, మరి వీళ్ళకి క్రైస్తవం ఏం తక్కువైంది? నల్లవాళ్ళ మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ వాళ్ళు శిలువలే కదా తగలబెట్టేది, బైబిలే కదా పట్టుకునేది?

పాతపుస్తకాలపిచ్చి

మంచి ప్రశ్న. అమెరికాలో తెల్లజాతి అహంకారానికి పెద్ద ఆసరా ఎప్పుడూ ప్రొటెస్టెంట్ క్రైస్తవమే. ఓడిన్ వాళ్ళు అందులో ఒక పాయ మాత్రమే. లేన్ లాంటివాళ్ళ ఇబ్బంది ఏమిటంటే, ఏసు యూదుడు, పైగా బాప్తిస్మం ఎవరైనా తీసుకోవచ్చు. నల్లవాడు, చైనావాడు, మన గుంటూరువాడు అందరూ లోపలికి వచ్చేస్తారు. తలుపు బిగించి పెట్టుకోగల మతం వాళ్ళకి కావాలి. అడిగే పూజారులు లేరు, కాదనే పాతభక్తులు లేరు, పాతకాలపు మెరుపు ఉంది. ఓడిన్ దొరికాడు.

విశ్వనాథం_హైదరాబాద్

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. తమ తాతముత్తాతల దేవుణ్ణి తాము కొలుచుకుంటే జాత్యహంకారం ఎలా అవుతుందండీ? మనకి కులదైవం లేదా, గ్రామదేవత లేదా? మా ఇంటి కొలువుకి ఊరందరినీ పిలవం కదా. వాళ్ళకో న్యాయం, మనకో న్యాయమా?

వసంత_కెంట్

విశ్వనాథం గారూ, పిలవకపోవడం వేరు, 'నీ పుట్టుక తక్కువ, అందుకే నువ్వు రాకూడదు' అనడం వేరు. మన దగ్గర రెండోది జరిగిన గుళ్ళు లేవా? ఉన్నాయి. దాని మీద మన వాళ్ళే కొట్లాడారు. కాబట్టి కులదైవాన్ని అడ్డం పెట్టి వాళ్ళని సమర్థించకండి.

పైగా వీళ్ళ తాతముత్తాతల లెక్క ఎలాంటిదో చూడండి. నేనుండే వాషింగ్టన్ రాష్ట్రంలో 1996లో కెన్నెవిక్ దగ్గర కొలంబియా నది ఒడ్డున ఒక అస్థిపంజరం దొరికింది. ఎనిమిది, తొమ్మిది వేల ఏళ్ళ నాటిది. పుర్రె చూసిన ఒక పరిశోధకుడు ఐరోపావాళ్ళ పోలికలున్నాయనేసరికి, శేషు గారు చెప్పిన ఈ ఆసాత్రూ సంస్థే 'మా పూర్వీకుడై ఉండొచ్చు' అంటూ కోర్టుకెక్కింది. దాని స్థాపకుడు స్టీఫెన్ మెక్‌నాలెన్, కొమ్ము పట్టుకుని ఆ ఎముకలకు శ్రాద్ధం లాంటిదేదో చేశాడు, టీవీ వాళ్ళు చూపించారు. ఇక్కడి ఆదివాసీ తెగలు మొదటినుంచీ 'ఆయన మా తాత, మట్టి చెయ్యనివ్వండి' అని మొత్తుకుంటూనే ఉన్నారు. 2015లో డీఎన్ఏ ఫలితం వచ్చింది. ఆదివాసీలకే దగ్గర. 2017 ఫిబ్రవరిలో తెగలవాళ్ళు ఎవరికీ చెప్పని చోట ఖననం చేశారు. ఇరవై ఏళ్ళు ఎముకల్ని పెట్టెలో పెట్టి ఆడుకున్నారు.

ఆ డీఎన్ఏ పరిశోధనకు నాయకత్వం వహించిన డెన్మార్క్ శాస్త్రవేత్త ఎస్కె విలర్స్‌లెవ్ బృందమే 2020లో వైకింగుల కాలపు 442 మంది ఎముకల్ని పరీక్షించింది. వైకింగు కత్తితో సహా పూడ్చిన మనుషుల్లో కొందరికి స్కాండినేవియా మూలాలే లేవు, స్కాట్లండ్ ప్రాంతపు స్థానికులు. వైకింగు కావడానికి రక్తం అడిగినట్టు లేదు ఆ రోజుల్లో.

విశ్వనాథం_హైదరాబాద్

ఎముకల విషయం నాకు తెలియదు, చదువుతాను. కానీ ఓడిన్ భక్తులందరినీ ఒకే గాటన కట్టేస్తున్నారన్న నా అభ్యంతరం అలాగే ఉంది.

కృష్ణాతీరం

ఆ అభ్యంతరం సబబే. ఐస్‌లాండ్ సంగతి చెప్తే మీకు నచ్చుతుంది. 1972లో స్వేన్‌బ్యోర్న్ బేన్‌టేన్‌సన్ అనే రైతు, పాత ఛందస్సులో పద్యాలు కట్టే మనిషి, మరికొందరితో కలిసి ఆసాత్రూ సంఘం పెట్టాడు. గుర్తింపు కావాలని మంత్రిని కలిసి వచ్చాక పిడుగులు పడి రాజధానిలో కరెంటు పోయిందని అక్కడ సరదాగా చెప్పుకుంటారు. 1973లో ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. జాతి మాటే లేదు, ఎవరైనా చేరొచ్చు. ఇప్పటి పెద్ద పూజారి హిల్మర్ ఓర్న్ హిల్మర్సన్ సినిమా సంగీత దర్శకుడు. ఎనిమిది కాళ్ళ గుర్రమెక్కి తిరిగే ఒంటికన్ను మనిషిని, అంటే ఓడిన్‌ని, ఎవరూ అక్షరాలా నమ్మరని, ఆ కథలు కవిత్వమని ఆయనే విలేకరులతో అన్నాడు. అక్కడ ఒకే లింగం వాళ్ళకు పెళ్ళిళ్ళు కూడా చేస్తారు. దాని మీద విదేశాల్లోని జాతివాద ఓడిన్ భక్తులు ఆ సంఘానికి బూతు ఉత్తరాలు రాశారు. ఓడిన్ దేశంలో ఓడిన్ గుడి ఎలా నడపాలో అమెరికావాళ్ళు నేర్పుతారట!

ఓరుగల్లు_నర్సు

అమెరికాలో కూడా అందరు అట్ల లేరు. ది ట్రోత్ అని 1987 నుంచి ఒక సంస్థ ఉన్నది, ఏ జాతివాళ్ళైనా చేరొచ్చు. 2016ల మెక్‌నాలెన్ దిగిపోయి కొత్త నాయకుడు వచ్చినంక, తెల్లపిల్లలు, ఆడతనం, మగతనం అని ఆసాత్రూ ఫోక్ అసెంబ్లీ ఫేస్‌బుక్‌ల ఒక ప్రకటన పెట్టింది. దానికి జవాబుగా డిక్లరేషన్ 127 వచ్చింది. హావమాల్ అనే పాత కవితల 127వ పద్యం, చెడు కనబడితే చెడు అని చెప్పు, శత్రువుకు శాంతి ఇయ్యకు అంటది. ఆ సంస్థతో మాకు ఏ పొత్తూ లేదు అని నూటయాభైకి మించిన సంఘాలు సంతకం చేసినయి. మా దగ్గర ఖైదీ ఒకతను ఆ ప్రకటన ప్రింట్ తీయించి నోట్‌బుక్‌ల పెట్టుకున్నడు.

బిందు_డాలస్

పెద్దపెద్ద విషయాలు బాగున్నాయి కానీ నాది చిన్న ప్రశ్న. మా బాబు క్లాస్‌మేట్ వాళ్ళ నాన్నగారికి చేతి మీద సుత్తి పచ్చబొట్టు, కారు మీద ఏవో రూన్ అక్షరాలు. శనివారం వాళ్ళింట్లో బర్త్‌డే పార్టీ. మొన్నటి దాకా ఏమీ అనుకోలేదు, ఈ చర్చ చదివాక టెన్షన్. పంపాలా వద్దా?

వసంత_కెంట్

బిందూ, సుత్తి ఒక్కటే అయితే కంగారు వద్దు. ఆ సుత్తి చాలామంది సైనికులు కూడా వేసుకుంటారు. 2013 నుంచి ప్రభుత్వ సైనిక శ్మశానాల్లో సమాధి రాళ్ళ మీద చెక్కించుకోవడానికి కూడా అనుమతి ఉంది. కొందరిది భక్తి, కొందరిది మ్యూజిక్ పిచ్చి, కొందరిది మార్వెల్ సినిమా. పక్కన ఏముందో చూడు. నల్ల సూర్యచక్రం, 14, 88, ఎస్ఎస్ జంట పిడుగులు ఉంటే అది వేరే. ఓథల అనే రూన్ కూడా, చేపలాంటి గుర్తు, కింద రెండు కాళ్ళు పైకి మడిచినట్టు ఉంటే జాగ్రత్త. అమెరికా నాజీ పార్టీ ఒకటి 2016లో స్వస్తిక్ తీసేసి దాన్ని పెట్టుకుంది. 'కొంచెం మర్యాదగా కనబడాలని' అట.

అవేవీ లేకపోతే వాళ్ళావిడకి ఫోన్ చేసి పార్టీకి ఎవరెవరు వస్తున్నారో మామూలుగా అడుగు. క్లాసులో అన్ని రంగుల పిల్లల్నీ పిలిచి ఉంటే నీకు జవాబు దొరికినట్టే.

సురేష్_ఒవర్‌లాండ్‌పార్క్

నాకైతే ఆ ధీమా లేదు. 2014 ఏప్రిల్‌లో మా ఊళ్ళో యూదుల సెంటర్ దగ్గర, వృద్ధాశ్రమం దగ్గర ముగ్గురిని చంపినవాడు ఓడిన్ భక్తుడే, పాత క్లాన్ నాయకుడు. పోయిన ముగ్గురూ క్రైస్తవులు, అదో ఘోరం. మళ్ళీ 2017లో పక్కనే ఒలేథేలో బార్‌లో మన తెలుగు కుర్రాణ్ణి 'మా దేశంలోంచి పో' అంటూ కాల్చి చంపారు. ఇదే గుంపు పని.

పాతపుస్తకాలపిచ్చి

సురేష్ గారూ, ఆ బాధ అందరిదీ. కానీ ఒలేథే హంతకుడికీ ఓడిన్ మతానికీ ఏ సంబంధమూ కోర్టులో బయటపడలేదు. రెండూ మీ కౌంటీలోనే జరిగాయి కాబట్టి కలిపి చూడకండి. అలాగే నార్వేలో 2011లో 77 మందిని చంపినవాడు అప్పట్లో తన్ను తాను సాంస్కృతిక క్రైస్తవుడినన్నాడు. తుపాకులకు మాత్రం థార్ సుత్తి పేరూ ఓడిన్ బల్లెం పేరూ పెట్టుకున్నాడు. జైలుకెళ్ళాక ఓడిన్ భక్తుణ్ణన్నాడు. ఫిన్లండ్‌లో కెమి అనే ఊళ్ళో 2015లో శరణార్థుల మీద కోపంతో సోల్జర్స్ ఆఫ్ ఓడిన్ అనే గస్తీ గుంపు పుట్టింది. వాళ్ళకి దేవుడి పేరే గానీ పూజ లేదు. వాళ్ళ వెనకాలే జోకర్ వేషాలతో, పాటలు పాడుకుంటూ లోల్డియర్స్ ఆఫ్ ఓడిన్ అనే ఇంకో గుంపు వీధుల్లో తిరిగింది. పోలీసులకన్నా వాళ్ళే బాగా పనిచేశారని నా అభిప్రాయం.

కృష్ణాతీరం

మన దేశం పేరు కూడా ఈ కథలో ఉంది, చెప్పకపోతే బాగుండదు. సావిత్రీదేవి అని పేరు మార్చుకున్న మాక్సిమియాని పోర్టాస్ 1905లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పుట్టింది. క్రైస్తవం రాని ఆర్య మతం బతికున్న దేశమని 1932లో ఇండియాకు వచ్చింది. 1940లో కలకత్తాలో అసిత్ కృష్ణ ముఖర్జీని పెళ్ళాడింది. హిట్లర్‌ని విష్ణువు అవతారంగా, కల్కికి ముందు వచ్చినవాడిగా రాసింది. యుద్ధం తర్వాత జర్మనీలో నాజీ పోస్టర్లు పంచి జైలుకెళ్ళింది. తర్వాత చాలాకాలం ఢిల్లీలో ఒక గదిలో పిల్లుల గుంపుతో ఉంది. 1982లో ఇంగ్లండ్‌లో పోయింది. కలియుగం, ఆర్యులు అనే మాటలు ఈనాటి పాశ్చాత్య నాజీల నోట వినబడటంలో ఆవిడ చెయ్యి చాలా ఉంది. 'చూశారా, తెల్లవాళ్ళు కూడా మన యుగాల లెక్క ఒప్పుకున్నారు' అని మురిసిపోయే వాట్సాప్ మెసేజీలు నాకు వస్తుంటాయి. ఆ ఒప్పుకున్న పెద్దమనుషుల లెక్కలో మన రంగు ఎక్కడుందో ఒకసారి అడగండి.

విశ్వనాథం_హైదరాబాద్

అందుకే కదా మన స్వస్తిక్ గుమ్మం మీద వేసుకోవాలన్నా అక్కడ భయపడాల్సి వస్తోంది.

మోడరేటర్

స్వస్తిక్ గురించి, 2022 కాలిఫోర్నియా చట్టం గురించి వేరే చర్చ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ విషయం పక్కకు పోతోంది.

శేషు_మిన్నెసోటా

అందరికీ ధన్యవాదాలు. ఓరుగల్లు నర్సు గారూ, ఒక్కటి అడగాలి. ఈ గుంపుల్ని అసలు నిషేధిస్తే పోదా? మర్డాక్‌లో అదే అడిగారు, చట్టం ఒప్పుకోదన్నారు. జైల్లో అయినా ఆపొచ్చు కదా?

ఓరుగల్లు_నర్సు

శేషు అన్నా, ఆపితే యార్డుల కూర్చుంటరు, అక్కడ ఏం మాట్లాడుకుంటున్నరో ఎవరికీ వినబడదు. మా ప్రార్థన గది చూసే ఆయన ఇంకో పని చేసిండు. రూల్ ప్రకారం ఏ మతం గంట అయినా ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఒక నల్లతను నాకు ఆ కథలు వినాలని ఉంది అని పేరు రాయించుకున్నడు. గుంపు పెద్ద ఒప్పుకోలే. ఈయన రూల్ కాగితం ముందు పెట్టి, అతను లోపలికి రాకపోతే మీ గంట రద్దు అన్నడు, అంతే. తర్వాతి వారం సగం మంది రాలే. ఆ నోట్‌బుక్ మనిషి, కొత్తగా వచ్చినతను, ఇంకొందరు కూర్చుని ఎడ్డా (ఆ దేవుళ్ళ కథల పాత పుస్తకం) చదువుకుంటున్నరు. రానోళ్ళల్ల ఇద్దరు ఇప్పుడు మతం మార్చుకున్నం అని అర్జీ పెట్టి, ఇంకో క్రైస్తవ గుంపుకు వేరే గంట అడుగుతున్నరు. ఆ గుంపుల కూడా అందరు తెల్లోళ్ళే.